మొక్కలకు వాడే క్యాన్లు

పురుగుమందు డబ్బాలను పిల్లల చేతికి ఇవ్వనన్నందుకు మా ఊరి ప్రాథమిక పాఠశాలలో ఒక మనిషిని పనిలోంచి తీసేశారు. తీసేస్తున్నట్టు కాగితం ఇవ్వలేదు. కారణమేమని అడిగితే, పెద్దమనిషి మీద చెయ్యి చేసుకుందన్నారు. ఆ పెద్దమనిషి ప్రాణం మీదికి తెచ్చుకోబోతుంటే అడ్డుపడింది ఆ చెయ్యేనని అక్కడ కుర్చీల్లో కూర్చున్న అరవై మందికీ తెలుసు. అరవై మందిలో ఒక్కరమూ నోరు విప్పలేదు. రెండో వరసలో కూర్చున్న వాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఈ మాటలు రాయవలసిన బాధ్యత నా మీద పడింది.

ఆమె పేరు మేకల దీవెనమ్మ. వయసు నలభై ఎనిమిది. గురజాల నుంచి మాచర్ల వైపు పోయే దారిలో ఉంటుంది మా ఊరు. పేరు రాయడం లేదు. తప్పు చేసింది బడి కాదు, బడి పేరు పాడుకాకూడదు. ఊరికి తూర్పున, చర్చి వెనక పేటలో రెండు గదుల రేకుల ఇంట్లో ఆమె ఉంటుంది. భర్త కృపావరం నాపరాళ్ల గనిలో పనిచేస్తాడు. కూతురు సుస్మిత నరసరావుపేటలో నర్సింగు చదువుతోంది.

దీవెనమ్మ పన్నెండో ఏట మిరపచేలో అడుగుపెట్టింది. నాట్లు వేసింది, కలుపు తీసింది, కాయలు కోసింది. పెళ్లయ్యాక మందు కలిపే పనికి కుదిరింది. చేను గట్టున పెద్ద డ్రమ్ము నిండా నీళ్లు పట్టి, డబ్బాలోని మందు కొలిచి అందులో పోసి, కర్రతో తిప్పి, పిచికారీ కొట్టే మగవాళ్లకు అందించడం ఆ పని. మందు అన్న మాటకు మా పల్నాడులో నాలుగు అర్థాలున్నాయి. జ్వరానికి వేసుకునేది మందు, చేనుకు కొట్టేది మందు, పొలంలో చల్లే ఎరువు మందు, పొద్దుగూకాక సీసాలో వచ్చేదీ మందే. నాలుగింటికీ ఒకే పేరు పెట్టుకున్నందువల్ల, వాటి మధ్య ఉన్న తేడా కూడా మా మనసుల్లోంచి సగం చెరిగిపోయిందని నా అభిప్రాయం.

రెండు వేల పంతొమ్మిది నవంబరులో ఆమె డ్రమ్ము పక్కనే పడిపోయింది. నరసరావుపేట ఆసుపత్రిలో ఆరు రోజులు ఉంచారు. ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితం నకలు నా ఫైలులో ఉంది. చివరి వాక్యం కింద డాక్టరు రెండు గీతలు గీశాడు. ఈమె మళ్లీ పురుగుమందుల దగ్గరికి వెళ్లరాదు అని ఆ వాక్యం. కుడిచేతి మూడు వేళ్లకు గోళ్లు ఈ రోజుకీ సరిగా రావు.

ఆ తర్వాత రెండేళ్లకు బడిలో మరుగుదొడ్లు కడిగే ఆయా పని వచ్చింది. తల్లిదండ్రుల కమిటీ తీర్మానం చేసి ఆమెను తీసుకుంది. ఆ తీర్మానం నకలు కూడా నా దగ్గర ఉంది. జీతం తక్కువ, అదీ నెలనెలా రాదు. అయినా ఆ పని ఆమెకు ఎందుకంత ముఖ్యమో పైన చెప్పిన డాక్టరు వాక్యం చదివితే తెలుస్తుంది. బడిలో పని ఉన్నంతకాలం డ్రమ్ము దగ్గరికి పోనక్కర్లేదు. బడి పోతే ఆమెకు ఊళ్లో ఏడాది పొడుగునా దొరికే పని మరొకటి లేదు.

పిల్లలు ఆమెను ఆయమ్మా అని పిలుస్తారు.

తోట ఆమె విధుల్లో లేదు. బడి వెనక ఇరవై సెంట్ల జాగా ఉంది, గడ్డపార వేస్తే ఖంగుమనే నేల. దాన్ని ఆమె రెండు వేసవుల పాటు తవ్వి, రాళ్లు ఏరి, మళ్లు కట్టింది. తోటకూర, గోంగూర, వంగ, టమాటా వేసింది. మధ్యాహ్న భోజనంలోకి ఆకుకూర బడి తోటలోంచే రావడం మొదలైంది. ఇబ్బంది ఒక్కటే, నీళ్లు పోసే తీరు. పిల్లలు అన్నం పళ్లేలతో, నీళ్ల సీసాలతో, ఒక్కోసారి ఏకంగా బకెట్లతో వచ్చి గుమ్మరించేవారు. వేసిన విత్తనం మడిలో ఒక మూలకు కొట్టుకుపోయేది.

"ఒరేయ్ సాయి కిరణ్, అది మొక్కరా, బర్రె కాదు! కడగబాకు!" అని ఆమె కేకలు పెట్టడం నేను రోడ్డు మీద పోతూ ఎన్నోసార్లు విన్నాను.

ఈ ఏడాది ఆగస్టు మొదటి వారంలో ప్రధానోపాధ్యాయుడు సుభానీ ఆమెను పిలిచాడు. మంచివాడు, భయస్థుడు. ఈ రెండు మాటలూ ఆయన గురించి ముందే చెప్పి ఉంచుతున్నాను.

"దీవెనమ్మా, పిల్లలకి నీళ్లు జల్లే క్యాన్లు తెప్పిద్దాం. ఏ రకం కావాలో నువ్వే చూసి చెప్పు. తోట నీది."

"తోట నాదేంది సార్, పిల్లలది. నాది చాకిరీ."

ఆమె నరసరావుపేట బస్సెక్కింది. విత్తనాలు, కుండీలు, తోట సామాను అమ్మే హబీబ్ కొట్టులో రెండు గంటలు నిలబడింది. ఆ రెండు గంటల సంగతి హబీబ్ తర్వాత నాకు నవ్వుతూ చెప్పాడు.

"అక్కా, ఐదు లీటర్లది తీస్కో. చానామంది ఇదే పట్టకపోతన్నారు."

"నిండా నీళ్లు పోసి ఇయ్యి."

"కొట్లో నీళ్లేందక్కా?"

"ఉత్త డబ్బా పట్టుకుంటే ఏం తెలిసిద్ది తమ్ముడూ? ఉత్త బిందె మోసి ఎవురికన్నా నడుం నొప్పొచ్చిందా?"

హబీబ్ తాను తాగే నీళ్లు తెచ్చి పోశాడు. ఆమె ఎడమచేత్తో ఎత్తింది, కుడిచేత్తో ఎత్తింది, మూడో తరగతి పిల్ల ఎత్తు ఎంతో అంతకు వంగి నాలుగడుగులు నడిచింది. కొట్టు ముందు జనం ఆగి చూశారు.

"నువ్వు క్యాన్ కొనటానికొచ్చావా, సంబంధం చూడ్డానికొచ్చావా అక్కా?"

"సంబంధానికైతే ఇంతసేపు చూడను."

చివరికి నాలుగు రకాలు మచ్చుకు తెచ్చుకుంది. మళ్లీ తెచ్చిస్తే చాలన్నాడు హబీబ్. మరునాడు బడిలో ఆ నాలుగింటినీ మూడో తరగతి ధరణి చేతికీ, ఐదో తరగతి రేవతి చేతికీ వరసగా ఇచ్చి, కుళాయి నుంచి తోట చివరి మడి దాకా నడిపించింది. ఐదు లీటర్లది పట్టుకున్న ధరణి ఒక పక్కకి ఒరిగిపోయి, మొదటి మడి చేరేసరికే అలిసిపోయి, ఉన్న నీళ్లన్నీ ఒకే మొక్క మీద కుమ్మరించింది. పైన మూత లేనిది కాళ్ల మీద చిందింది. జల్లెడ మూతి కిందికి తిరిగి ఉన్నది మట్టిని తొలిచి గుంట చేసింది. మూతి పైకి తిరిగి ఉన్న చిన్నదాంట్లోంచి నీళ్లు ముందు గాలిలోకి లేచి, తర్వాత సన్నగా తుంపరలాగా పడ్డాయి. ముందురోజు చల్లిన తోటకూర విత్తనం ఉన్నచోట ఉన్నట్టే ఉంది.

"ఇది ఆయమ్మా, ఇదే!" అని ధరణి ఎగిరింది.

"మరి ఎన్ని కావాలి? ముప్పై ఆరు మంది పిల్లలున్నారు," అన్నాడు సుభానీ.

"పన్నెండు చాలు సార్. వరసకొకటి. ఒకళ్లు పోసేదాకా ఇంకొకళ్లు ఆగితే, ఈలోపల నేల తాగిద్ది. అందరికీ తలా ఒకటిస్తే పది నిమిషాల్లో తోట చెరువయిద్ది."

ఆమెకు సంతకం దాకానే వచ్చు. తన ఎంపికను రేవతి చేత రాయించింది. ఆగస్టు ఆరో తేదీ వేసి ఉన్న ఆ కాగితం నా ఫైలులో మొదటి పుటగా ఉంది. రూళ్ల నోట్‌బుక్కులోంచి చించిన కాగితం అది. రేవతి చేతిరాత గుండ్రంగా ఉంటుంది. "చిన్న క్యాన్లు పన్నెండు. రెండు లీటర్లవి. ఆకుపచ్చవి. అన్నీ ఒకటే రంగు, లేకపోతే కొట్టుకుంటారు. మూతి పైకి ఉండాలి. నీళ్లు కాళ్ల మీద పడకూడదు. కొత్తవి కావాలి. ముందు దాంట్లో ఏమీ పోసి ఉండకూడదు." కింద దీవెనమ్మ సంతకం. ముప్పై ఏళ్లు ప్రభుత్వ కార్యాలయంలో కొనుగోలు కాగితాలు చూసినవాడిగా చెబుతున్నాను, ఇంత స్పష్టంగా రాసిన కాగితాన్ని నేను చాలా తక్కువగా చూశాను.

ఇంత స్పష్టమైన కాగితం పై కార్యాలయానికి పోలేదు. సుభానీ దాన్ని పక్కనబెట్టి తన మాటల్లో ఉత్తరం రాశాడు. "పాఠశాల తోటకు వాటర్ క్యాన్లు పన్నెండు మంజూరు చేయగోరుచున్నాను." మా దగ్గర వాటర్ క్యాన్ అంటే ఇంటింటికీ ఆటోలో వచ్చే ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాన్. మరో అర్థం లేదు. పది రోజులకు మండల కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. "మీ పాఠశాలలో తాగునీటి యంత్రం పనిచేయుచున్నందున వాటర్ క్యాన్ల అవసరము కనబడుట లేదు." దాన్ని చూసి బడిలో అందరూ నవ్వుకున్నారు. దీవెనమ్మ కూడా నవ్విందట.

సుభానీ ఆగస్టు ఇరవయ్యో తేదీన మళ్లీ రాశాడు. ఈసారి జాగ్రత్త పడ్డాడు. "ఇవి తాగుటకు కాదు. మొక్కలకు వాడే క్యాన్లు." కార్యాలయం ఒక్క ముక్కలో తేల్చింది. "దాతల ద్వారా సమకూర్చుకొనవలెను."

దాత అంటే మా ఊళ్లో వెంకట్రామయ్య. ముప్పై ఎకరాల మిరప, నరసరావుపేటలో ఎరువులూ పురుగుమందుల కొట్టు. ఇదివరకు రెండుసార్లు సర్పంచి. బడికి ఇనప గేటు ఆయనే పెట్టించాడు, ఫ్యాన్లు ఆయనే ఇచ్చాడు. ఆ మేలును నేను కాదనను. సుభానీ ఆయనకు ఫోన్ చేసి రెండో ఉత్తరంలోని మాటలే చదివాడు. వరసగా నలభై ఏళ్లు మిరప పండించిన మనిషి చెవికి "మొక్కలకు వాడే క్యాన్లు" అన్న మాట ఏమని వినపడుతుంది? ఆయన ప్రపంచంలో మొక్కలకు వాడే క్యాన్ ఒకటే. దాంట్లో పోసేది నీళ్లు కాదు.

"నీళ్లు పోయటానికేగా మాస్టారూ? గోడౌన్లో బోలెడు పడున్నయ్. కడిగించి, మూతలకి చిల్లులేయించి పంపుతా. పన్నెండేంది, ముప్పై ఆరూ పంపుతా. పిల్లలకి తలా ఒకటి."

ఫోన్‌లో ఇది విన్నప్పుడే సుభానీ అడ్డు చెప్పవలసింది. ఆయన థాంక్స్ అన్నాడు.

సెప్టెంబరు పదిహేను సోమవారం ఆటోలో ముప్పై ఆరు డబ్బాలు వచ్చాయి. పురుగుమందు అమ్మకానికి వచ్చే ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలు. మూతలకు కాల్చిన మేకుతో చిల్లులు పొడిచారు. పేర్ల కాగితాలు గీకేసి పైన ఆకుపచ్చ రంగు కొట్టారు. దీవెనమ్మ రాయించిన షరతుల్లో దాత నెరవేర్చింది రంగు ఒక్కటే.

పిల్లలు ఆటో చుట్టూ మూగి అరిచారు. దీవెనమ్మ ఒక డబ్బా ఎత్తింది, దించింది. మూతి దగ్గరకు ముఖం తీసుకుపోలేదు. తీసుకుపోవలసిన అవసరం ఆమెకు లేదు. ఆ వాసన పదిహేనేళ్లు ఆమె చీర కొంగులో ఉంది.

"అందరూ లైన్లో క్లాసుకి పోండి. ఎవురూ ముట్టుకోబాకండి. ధరణీ, నువ్వు ముట్టుకున్నావా? రా, చేతులు కడుగు. సబ్బు పెట్టి. మళ్లీ కడుగు."

ముప్పై అయిదింటిని స్టోరు గదిలో పెట్టి తాళం వేసింది. ఒక్కదాంట్లో నీళ్లు పోసి, చిల్లులు మూసుకునేలా ప్లాస్టిక్ కవరు వేసి మూత గట్టిగా బిగించి, పిల్లలకు అందకుండా నిచ్చెనేసుకుని మిద్దె మీద ఎండలో పెట్టింది. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టాక దించి సుభానీ గదికి తెచ్చింది. మూత కొంచెం వదులు చేసేసరికి ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"కడిగించామన్నారుగా?"

"కడిగితే పైన పోయిద్ది సార్. ప్లాస్టిక్కు తాగింది పోదు. ఎండ తగిలిందా, మళ్లీ బయటికొచ్చిద్ది." ఆమె డబ్బా తిప్పి, అడుగున రంగును గోరులేని వేలితో కాదు, తాళంచెవితో గీకింది. కింద అతి విషపు మందులకు వేసే ఎర్ర ముక్కోణం సగం కనబడింది. "నాకు అక్షరాలు రావు గానీ ఈ గుర్తొచ్చు. దీన్ని కలిపే నేను పడిపోయింది."

సుభానీ లేచి తలుపు దగ్గరికి వేశాడు. తర్వాత అన్న మాటలు ఆయనే నాకు చెప్పాడు, దాచుకోకుండా.

"ఎల్లుండి మండలం సార్ వస్తన్నాడు దీవెనమ్మా. పిల్లలు క్యాన్లు పట్టుకుని నీళ్లు పోస్తా ఉంటే ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. ఆయనకి శాలువా కప్పాలి. ఈ ఒక్క పూట కానిద్దాం. ఫొటో అయినాక లోపల పెట్టేద్దాం."

"ఒక్క పూట చాలు సార్. నీళ్లు పోసినాక పిల్లలు అన్నానికి పోతారు. చేతులు కడుగుతారని మీరు రాసిస్తారా?"

"మరి నన్నేం చెప్పమంటావు ఆయనకి?"

"తాళం నా దగ్గరుంది. ఇయ్యనంటందని చెప్పండి."

"నీ పని పోతది."

డబ్బా మూత మళ్లీ బిగించి, చేతులు కడుక్కోవడానికి బయటకు పోయి, తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడిందట. "పోతే మళ్లీ ఏ పనికి పోవాల్నో నాకు తెలుసు సార్. తెలిసే చెప్తన్నా."

మంగళవారమంతా ఆమె తాళంచెవిని రవికెలోనే ఉంచుకుంది. సుభానీ రెండుసార్లు వెంకట్రామయ్యకు ఫోన్ చేయబోయి మానుకున్నాడు. ఆ ఫోన్ చేసి ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది.

సెప్టెంబరు పదిహేడు బుధవారం ఉదయం పది గంటలకు బడి ఆవరణలో షామియానా వేశారు. అరవై కుర్చీలు. ముందు వరసలో మండలాధికారి, వెంకట్రామయ్య, కమిటీ వాళ్లు. పిల్లలను తోటలో మొక్కకొకరు చొప్పున నిలబెట్టారు. శాలువా కప్పడం, చప్పట్లు కొట్టడం అయ్యాయి. అధికారి వాచీ చూసుకుని అన్నాడు.

"క్యాన్లు తెప్పించండి. ఫొటో తీసుకుని నేను ఇంకో బడికి పోవాలి."

సుభానీ నేల చూశాడు. దీవెనమ్మ స్టోరు గది తలుపు ముందు నిలబడి ఉంది.

"ఆ డబ్బాలు పిల్లలకి ఇయ్యకూడదు సార్. మందు డబ్బాలు అయ్యి."

"ఎవరీమె?"

"ఆయా సార్," అన్నాడు సుభానీ.

వెంకట్రామయ్య నవ్వాడు. కోపంతో కాదు, ఇంట్లో మనిషి మొండికేస్తే నవ్వినట్టు. "ఏమే దీవెనా, ఏంది నీ గోల? మూడుసార్లు సబ్బేసి కడిగించా. మా పొలానికి మంచినీళ్లు ఇట్లాంటి డబ్బాల్లోనే పోతయ్. ముప్పై ఏళ్లనించి తాగుతున్నాం, ఎవురన్నా చచ్చామా?"

"మీ పొలంలో ఆ నీళ్లు తాగేది మీరు కాదయ్యా. మేం."

ఆయన ముఖంలో నవ్వు పోయింది. ఊళ్లో ఆయనకు అలా ఎదురుచెప్పిన మనిషిని నేను చూడలేదు, అందునా పేట నుంచి, అందునా ఆడమనిషి. దీవెనమ్మ పక్కనే గోడ మీద పెట్టిన డబ్బా తెచ్చి అధికారి ముందు బల్ల మీద ఉంచింది. సోమవారం సుభానీకి చూపించాక మళ్లీ మిద్దె ఎక్కించి, నీళ్లతోనే ఎండలో ఉంచిన డబ్బా అది.

"మీరే చూడండి సార్. మూత తీయబాకండి. అడుగున చూడండి, ఎర్ర గుర్తుంది."

అధికారి చెయ్యి చాచలేదు. చాచింది వెంకట్రామయ్య. ఒక్క ఊపున లేచి, డబ్బా అందుకుని, మూత తిప్పి తీసి నేల మీదికి విసిరాడు. "నా మాట మీద నమ్మకం లేదా? అందరూ చూడండి! మీ ముందరే తాగుతున్నా. పిల్లలకి పెట్టేది నేను తాగలేనా?"

డబ్బాను రెండు చేతులా ఎత్తి పెదాలకు ఆనించుకున్నాడు.

అంతవరకు నాలుగడుగుల దూరంలో ఉన్న దీవెనమ్మ ఎప్పుడు కదిలిందో నేను చూడలేదు. ఆమె అరచెయ్యి ఆయన కుడిచేతి మణికట్టు మీద ఫట్‌మని తగిలిన చప్పుడు మాత్రం విన్నాను. డబ్బా ఎగిరి బల్లకు తగిలి పగిలింది. నీళ్లు ఆయన తెల్లచొక్కా మీదా, కొత్త శాలువా మీదా పడ్డాయి. వాసన లేచింది. మందు పిచికారీ కొట్టిన చేను పక్కగా నడిచిన ఏ మనిషికైనా తెలిసిన వాసన.

మొదట నోరు తెరిచింది వెనక వరసలో ఎవరో. "అయ్య మీద చెయ్యేసిందిరో!"

తర్వాత అధికారి లేచాడు. "ఎంత ధైర్యం! ఇది బడా, సంతా?"

ఆ మాటలు అంటున్నప్పుడు అధికారి జేబులోంచి రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. దీన్ని నేను రెండు కళ్లతో చూశాను. ఏ న్యాయస్థానంలోనైనా ప్రమాణం చేసి చెబుతాను.

వెంకట్రామయ్య దగ్గుతున్నాడు. దీవెనమ్మ ఆయన చెయ్యి పట్టుకుని కుళాయి వైపు లాగింది. "చొక్కా విప్పండయ్యా, ముందు మూతి కడగండి. ఉమ్మేయండి. మింగబాకండి." ఆయన మనుషులు ఆమెను పక్కకు నెట్టారు. ఆయన మాత్రం ఆమె చెప్పినట్టే చేశాడు. పది నిమిషాల పాటు ముఖం కడుక్కున్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి. చొక్కా లేకుండా, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా కారెక్కి వెళ్లిపోయాడు. పిల్లలు మొక్కల పక్కన నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఉన్నారు.

వెళ్లేముందు అధికారి బడి సందర్శకుల పుస్తకంలో స్వహస్తంతో మూడు వాక్యాలు రాశాడు. నకలు నా దగ్గర ఉంది. "తోట బాగున్నది. దాతల సేవ ప్రశంసనీయము. ఆయా ప్రవర్తన మిక్కిలి అనుచితము, తగు చర్య తీసుకొనవలెను." డబ్బాల గురించి ఒక్క అక్షరం లేదు.

మరునాడు ఉదయం దీవెనమ్మ ఎప్పటిలాగే ఎనిమిదింటికి వచ్చి చీపురు తీసుకుంది. సుభానీ ఎదురొచ్చాడు.

"నువ్వు రావద్దన్నారు."

"ఎవరు సార్?"

"పైనించి చెప్పారు. కమిటీ వాళ్లు కూడా సరేనన్నారు."

"అయితే కాగితం ఇయ్యండి."

"ఏమని రాసియ్యమంటావు?"

"జరిగింది రాయండి. అంతే."

సుభానీ రాయలేదు. ఆమె చీపురును తలుపు వెనక నిలబెట్టి, తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. తనకు ఇంకా రెండేళ్ల సర్వీసు ఉందని ఆయన నాతో చెప్పుకున్నాడు. ఆమెకు ఎన్నేళ్ల ఆయుష్షు ఉందో డాక్టరు కాగితం చదివితే తెలుస్తుందని నేనన్నాను.

అదే రోజు సాయంత్రం ఆటో మళ్లీ వచ్చింది. బడి సరుకుల పుస్తకంలో ఆ తేదీన ఉన్న పద్దు ఇది. "క్యాన్లు ముప్పై ఆరు. పగిలినది ఒకటి. తక్కిన ముప్పై అయిదు అవసరమున్న పాఠశాలలకు బదిలీ." ఏ పాఠశాలలకో రాయలేదు. తీసుకున్నవాళ్ల సంతకం లేదు. అంటే దీవెనమ్మ పని పోగొట్టుకుని ఆపిన డబ్బాలు ఆగలేదు. వేరే ఊరి పిల్లల చేతికి పోయాయి.

నేను సమాచార హక్కు కింద మండల కార్యాలయానికి రెండు ప్రశ్నలు పంపాను. దీవెనమ్మను తొలగించిన ఉత్తర్వు నకలు ఇవ్వండి, ముప్పై అయిదు డబ్బాలు చేరిన బడుల పేర్లు ఇవ్వండి అని. రిజిస్టరు పోస్టు రసీదు ఉంది. అందినట్టు కార్యాలయం ముద్ర వేసిన కార్డు ఉంది. ముప్పై రోజుల గడువు దాటి ఇరవై రెండు రోజులైంది. జవాబు లేదు. ఆ కార్యాలయానికి నేను స్వయంగా రెండుసార్లు పోయాను. మొదటిసారి సార్ లేరన్నారు. రెండోసారి, ఎందుకండీ పెద్దాయనా ఈ వయసులో మీకివన్నీ, అన్నారు.

అక్టోబరు అంతా దీవెనమ్మ కలుపు తీయడానికి పోయింది. నవంబరు వచ్చేసరికి చేలల్లో కలుపు పని అయిపోయింది, కాయ కోతలు ఇంకా రాలేదు. ఈ కాలంలో ఆడకూలీకి దొరికేది ఒకటే పని. కూతురి చదువు ఆపనంది, భర్త గని పనితో ఇల్లు గడవదంది. పోయిన సోమవారం ఆమె మళ్లీ డ్రమ్ము దగ్గర నిలబడింది. మంగళవారం నేను ఆ చేనుకు పోయాను. గట్టు మీద కూర్చుని ఉంది. చేతులకు ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని దారంతో కట్టుకుంది. నన్ను చూసి లేచింది. మొదట అడిగింది తన పని గురించి కాదు.

"ఆ డబ్బాలు ఏ బళ్లకి పోయినయ్యో తెలిసిందా పెద్దయ్యా?"

తెలియలేదని చెప్పడానికి నాకు సిగ్గేసింది.

"డాక్టరు వద్దన్నాడుగదమ్మా," అన్నాను.

"డాక్టరు వద్దన్నాడు. బడోళ్లూ వద్దన్నారు. రమ్మన్నది ఈ డ్రమ్మొక్కటే." నవ్వబోయి దగ్గింది. అవతలి గట్టు మీది నుంచి మేస్త్రీ పిలిచాడు. "ఏమే, మాటలేనా? రెండో ట్యాంకు అయిపోవస్తంది!" ఆమె డ్రమ్ము దగ్గరికి పోయింది.

కాబట్టి ఇక వినవలసినవాళ్లకు సూటిగా చెబుతున్నాను.

మండలాధికారిగారూ, ముప్పై అయిదు డబ్బాలు ఏ ఏ బడుల్లో ఉన్నాయో మీకు తెలుసు. తెలియకపోతే తెలుసుకోవడం మీ ఉద్యోగం. ఈ వారంలోగా వాటిని వెనక్కి తెప్పించండి. ఎన్ని దొరికాయో, ఎన్ని దొరకలేదో ఊరి పేర్లతో సహా రాసి అన్ని బడుల నోటీసు బోర్డుల మీద అంటించండి. ఆ రోజు మీరు రుమాలు ఎందుకు తీశారో కూడా అందులో రాయండి.

కమిటీ సభ్యులారా, దీవెనమ్మను తీసుకున్నప్పుడు మీరు తీర్మానం చేశారు. తీసేసినప్పుడు చేయలేదు. అందుచేత మీ పుస్తకం ప్రకారం ఆమె ఈ రోజుకీ ఆయాయే. సెప్టెంబరు పద్దెనిమిది నుంచి ఆమె విధుల్లో ఉన్నట్టు రాసి, రేపు ఉదయం ఎనిమిదింటికి బడికి రమ్మని కబురు పంపండి. రేపే పంపండి. ఎల్లుండికి ఆమె ఎన్ని ట్యాంకులు కలిపి ఉంటుందో మీలో మిరప పండించే ప్రతివాడికీ తెలుసు.

వెంకట్రామయ్యగారూ, బడికి మీరు చేసిన మేలును కాదననని పైన రాశాను, మీకు చెడ్డ ఉద్దేశం లేదని కూడా రాస్తున్నాను. ఆ రోజు నుంచి మీరు మౌనంగా ఉన్నారు. ఆ మౌనాన్నే సాక్ష్యంగా చేసి పైవాళ్లు ఒక ఆడమనిషి పొట్ట కొట్టారు. ఆమె మిమ్మల్ని కొట్టిందా, కాపాడిందా అన్నది అరవై మందికీ తెలిసినా, చెప్పగలిగినవారు మీరొక్కరే. అదే ఆవరణలో, అవే కుర్చీలు వేయించి, ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టి, మీ నోటితో చెప్పండి.